గుండె దడ గుట్టు విప్పిన మిల్లుల ఊరి డాక్టర్.. ఎవరీ జేమ్స్ మెకంజీ? ఆయన పాఠం మన పల్లెలకు ఇప్పటికీ ఎందుకు అవసరం?

గుండె ఉన్నట్టుండి దడదడలాడుతుంది. కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. ఎండ దెబ్బేమో, గ్యాస్ అయ్యుంటుందిలే అనుకుని వదిలేస్తాం. చాలాసార్లు అది నిజంగానే చిన్న విషయం. కానీ కొందరిలో మాత్రం ఆ దడ వెనుక ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు దాగి ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోతే ఓ రోజు పొద్దున లేచేసరికి కాలూ చెయ్యీ పడిపోయి, మూతి వంకర పోయే ప్రమాదం ఉంది.

జనగామ జిల్లా తరిగొప్పుల లాంటి చోట గుండె స్పెషలిస్టును కలవాలంటే జనగామకో, వరంగల్‌కో, హైదరాబాద్‌కో వెళ్లాల్సిందే. అయితే ఓ విషయం తెలుసా? ఈ జబ్బు గుట్టు మొదట కదిలింది ఏ మహానగరంలోని పెద్దాసుపత్రిలోనో కాదు. బట్టల మిల్లులు నడిచే ఓ ఊళ్లో, ఇంటింటికీ తిరిగి వైద్యం చేసిన ఓ మామూలు డాక్టర్ చేతుల్లో. ఆయన పేరు జేమ్స్ మెకంజీ. చనిపోయి వందేళ్లు దాటినా, గుండె డాక్టర్లు ఇప్పటికీ తలచుకునే పేరు.

ఇంతకీ ఎవరీ మెకంజీ?

జేమ్స్ మెకంజీ 1853 ఏప్రిల్ 12న స్కాట్లాండ్‌లోని స్కోన్ దగ్గర ఓ రైతు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకే బడి మానేశారు. దగ్గర్లోని పెర్త్ పట్టణంలో ఓ మందుల షాపులో పనికి కుదిరారు. షాపులో వాటా ఇస్తామన్నా వద్దనుకున్నారు. డాక్టర్ కావాలన్న పట్టుదలతో 1874లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో చేరారు. తోటి విద్యార్థుల కంటే వయసులో పెద్ద. అయినా వెనకడుగు వేయకుండా 1878లో డిగ్రీ పట్టా అందుకున్నారు.

మరుసటి ఏడాది ఇంగ్లాండ్‌లోని బర్న్‌లీకి వెళ్లి అక్కడి డాక్టర్లతో కలిసి ప్రాక్టీస్ మొదలుపెట్టారు. బర్న్‌లీ అంటే నూలు మిల్లులు, మగ్గాల హోరు, బొగ్గు గనులు. పొద్దున్నుంచి రాత్రి దాకా కూలీల జ్వరాలు, దెబ్బలు, కాన్పులు. దాదాపు 28 ఏళ్లు ఆయన అక్కడే ఉన్నారు. పిల్లలుగా చూసినవాళ్లనే మళ్లీ తల్లులుగా, తండ్రులుగా చూశారు. ఆయన చేసిన పెద్ద పనికి పునాది అదే.

ఆ ఒక్క కాన్పు.. జీవితాన్నే మార్చేసింది!

ప్రాక్టీస్ తొలి రోజుల్లో ఓ గర్భిణి ఆయన దగ్గర వైద్యం చేయించుకుంటోంది. ఆమెకు గుండె జబ్బు ఉంది. కాన్పు నొప్పుల మధ్యలో గుండె ఆగి, ఆయన కళ్ల ముందే ప్రాణం విడిచింది. మెకంజీ కదిలిపోయారు. ఇలా జరుగుతుందని ముందే ఎందుకు పసిగట్టలేకపోయాననే ప్రశ్న ఆయన్ను వదల్లేదు. పుస్తకాలు తిరగేస్తే జవాబు దొరకలేదు. ఎవరి గుండె కాన్పును తట్టుకుంటుంది, ఎవరి గుండె తట్టుకోదు అన్నది అప్పట్లో స్పష్టంగా చెప్పగలిగేవాళ్లే లేరు.

ఇక సొంతంగానే వెతకడం మొదలుపెట్టారు. గర్భిణుల నాడి, తర్వాత అందరి నాడి. ఎవరి నాడి ఎలా కొట్టుకుంటోంది, ఆ మనిషి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడు, పదేళ్ల తర్వాత ఎలా ఉన్నాడు.. అన్నీ రాసి పెట్టుకునేవారు. రోజంతా రోగులను చూసి, రాత్రిళ్లు ఈ పని చేసేవారు. జీతం లేదు, గ్రాంటు లేదు, అడిగినవాళ్లూ లేరు.

వాచ్ రిపేరీ చేసే మనిషితో కలిసి మెషిన్!

వేళ్లతో నాడి చూస్తే ఆ క్షణం తెలుస్తుంది. కానీ దాన్ని కాగితం మీద పట్టుకోవడం ఎలా? చేతి నాడిని గీతలుగా గీసే చిన్న పరికరం అప్పటికే ఉంది. మెకంజీ ఇంకో అడుగు ముందుకేశారు. చేతి నాడితో పాటు మెడ దగ్గరి సిరలో కనిపించే కదలికను కూడా ఒకేసారి గీయించాలనుకున్నారు. మెడ మీద చిన్న గిన్నె లాంటిది ఆనించి, దానికి గొట్టం తగిలించి, ఆ కదలికను కాగితం మీదకు తెచ్చారు. దానికి పాలిగ్రాఫ్ అని పేరు.

మొదట్లో మసి పట్టిన కాగితం మీద గీతలు పడేవి. తర్వాత బర్న్‌లీ పక్కనే ఉన్న పాడిహామ్‌లో వాచ్‌లు చేసే సెబాస్టియన్ షా అనే పనివాడి సాయంతో, పొడవాటి కాగితం చుట్ట మీద ఇంకుతో గీసే పరికరం తయారైంది. సంచిలో పెట్టుకుని రోగి ఇంటికే తీసుకెళ్లొచ్చు. ఈసీజీ మెషిన్ ఊరూరా రాకముందు గుండె లయను చదివిన పరికరం ఇదే.

మెడ సిరే ఎందుకంటే.. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. కింది గది నొక్కుకుంటే చేతి నాడి కొడుతుంది. పై గది నొక్కుకుంటే మెడ సిరలో చిన్న అల లేస్తుంది. అంటే చెయ్యి చూస్తే కింది గది సంగతి, మెడ చూస్తే పై గది సంగతి తెలుస్తుందన్నమాట!

మెడ మీద అల మాయం.. అక్కడే అసలు మలుపు

మెకంజీ 1880ల నుంచి చూస్తున్న ఓ మహిళ ఉంది. కీళ్లవాతం జ్వరం, అంటే రుమాటిక్ ఫీవర్ వల్ల ఆమె గుండెలోని మైట్రల్ వాల్వ్ సన్నబడిపోయింది. ఏళ్ల తరబడి ఆమె గుండె చప్పుడు, నాడి గీతలు అన్నీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. 1890ల చివర్లో ఉన్నట్టుండి ఆమె నాడి లయ తప్పింది. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెల్లగా, ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా.. ఓ పద్ధతంటూ లేదు.

అదే సమయంలో మెడ సిర గీతలు చూస్తే, పై గది నొక్కుకున్నప్పుడు లేవాల్సిన అల కనబడలేదు. వాల్వ్ దగ్గర పై గది రక్తాన్ని నెట్టేటప్పుడు వినిపించే ప్రత్యేకమైన చప్పుడు కూడా పోయింది. ఒకే మనిషిని అన్నేళ్లు చూసి ఉండకపోతే ఈ తేడా ఎవరికీ తెలిసేది కాదు. పై గదులు పని మానేశాయని మెకంజీకి అర్థమైంది. నాడి పూర్తిగా గాడి తప్పడానికి, పై గదులు ఆగిపోవడానికి సంబంధం ఉందని తేల్చారు. 1902లో నాడి మీద పెద్ద పుస్తకమే అచ్చు వేశారు.

అయితే కారణం చెప్పడంలో మాత్రం ఆయన గురి తప్పింది. పై గదులు చచ్చుబడ్డాయని మొదట అనుకున్నారు. తర్వాత గుండె మధ్యలోని ఓ ముడి దగ్గర లయ పుడుతోందని అభిప్రాయపడ్డారు. 1908లో వేసిన గుండె జబ్బుల పుస్తకంలోనూ అలాగే రాశారు. అసలు సంగతి వేరు!

గుండెలో నిజంగా ఏం జరుగుతుందంటే..

ఆరోగ్యంగా ఉన్న గుండెలో పై భాగాన ఓ చోట కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు పై గదులు ఒక్కసారిగా నొక్కుకుంటాయి. తర్వాత కింది గదులు నొక్కుకుంటాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఇలా జరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పై గదుల్లో కరెంటు ఒక దారిలో పోదు. ఎక్కడ పడితే అక్కడ పుడుతూ, చుట్టూ తిరుగుతూ నిమిషానికి 350 నుంచి 600 సార్లు పై గదులను వణికిస్తుంది. గదులు నొక్కుకోవు, ఊరికే అదురుతుంటాయి. అందుకే మెడ మీద అల మాయం.

పై గదికి, కింది గదికి మధ్యలో కాపలా లాంటి ఓ ముడి ఉంటుంది. అన్ని దెబ్బలనూ అది కిందికి పోనివ్వదు. కొన్నే పోతాయి, అవీ వరస లేకుండా. అందుకే చేతి నాడి గజిబిజిగా ఉంటుంది. దడ, ఆయాసం, నీరసం, తల తిరగడం.. ఇవి లక్షణాలు. ఇంకో చిక్కేంటంటే, కొందరిలో ఏ లక్షణమూ ఉండదు!

అదే కాలంలో మన హైదరాబాద్‌లోనూ..

మెకంజీ బర్న్‌లీలో నాడి గీతలు గీస్తున్న రోజుల్లోనే నిజాం రాజ్యంలోనూ గుండె మీద పెద్ద చర్చ నడిచింది. క్లోరోఫామ్ మత్తు ఇచ్చినప్పుడు కొందరు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారన్నది ప్రశ్న. హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సొమ్ముతో 1889లో రెండో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ కూర్చుంది. లండన్ నుంచి ప్రముఖ వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఆగేది ఊపిరే తప్ప గుండె కాదని తేల్చారు.

కానీ 1911లో ఇంగ్లాండ్‌కు చెందిన గుడ్‌మన్ లెవీ చేసిన ప్రయోగాల్లో వేరే సంగతి బయటపడింది. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు గుండె కింది గదులు వణికి, ప్రాణం పోవచ్చని తేలింది. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కింది గదుల వణుకు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. పై గదుల వణుకుతో మనిషి ఏళ్లు బతకొచ్చు. కాకపోతే సరైన వైద్యం ఉండాలి. పేర్లు ఒకేలా వినిపించినా రెండూ ఒకటి కావు.

లండన్‌కు ప్రయాణం.. లెక్క సరిచేసిన కుర్రాడు

1907లో మెకంజీ బర్న్‌లీ వదిలి లండన్ చేరారు. అప్పటికి వయసు 54. యాభై దాటాక, పేరున్న ప్రాక్టీస్ వదులుకుని కొత్త ఊళ్లో మొదలుపెట్టడమంటే మాటలు కాదు. అక్కడే థామస్ లూయిస్ అనే యువ డాక్టర్ పరిచయమయ్యారు. లయ తప్పిన నాడి మీద పనిచేయమని లూయిస్‌ను ప్రోత్సహించింది మెకంజీయే.

నెదర్లాండ్స్‌లో విల్లెం ఐంథోవెన్ అప్పటికే ఈసీజీ మెషిన్ తయారుచేసి ఉన్నారు. ఇప్పటిలా చేతిలో పట్టే పరికరం కాదది. గదంతా ఆక్రమించే యంత్రం. రోగి చేతులు, కాలు ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కూర్చోవాలి. దాని సాయంతో 1909లో లూయిస్ తేల్చి చెప్పారు. మెకంజీ చూసిన ఆ గజిబిజి నాడికి కారణం పై గదులు చచ్చుబడటం కాదు, వణకడం. అదే ఏడాది వియన్నాలో రాత్‌బెర్గర్, వింటర్‌బెర్గ్ అనే ఇద్దరు కూడా ఇదే మాట చెప్పారు. తర్వాత లూయిస్ ఇలాంటి నాడే ఉన్న ఓ గుర్రాన్ని పరీక్షించి, దాని గుండె పై గదులు వణకడం కళ్లారా చూశారు.

మెకంజీ మొండికేయలేదు. తనకంటే దాదాపు 28 ఏళ్లు చిన్నవాడు చెప్పిన మాట నిజమని ఒప్పుకున్నారు. ఈ జబ్బుకు పేరు స్థిరపడింది ఆ తర్వాతే.

ఆకు మందు ఎవరికి పనిచేస్తుందో తేలింది

డిజిటాలిస్ అనే ఆకు మందు అప్పటికే వందేళ్లకు పైగా వాడుకలో ఉంది. 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లిష్ డాక్టర్ దాని మీద పుస్తకం రాశారు. ఒంట్లో నీరు చేరినవాళ్లలో కొందరికి అది అద్భుతంగా పనిచేసేది. ఇంకొందరికి ఏమీ అయ్యేది కాదు. మోతాదు మించితే విషం. తేడా ఎందుకో తెలిసేది కాదు. నాడి పూర్తిగా గజిబిజిగా, వేగంగా ఉన్నవాళ్లకే, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకే అది బాగా పనిచేస్తుందని మెకంజీ చూపించారు. కింది గదుల వేగం తగ్గి, గుండెకు ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. ఆ మందు కుటుంబంలోని డైగాక్సిన్ మాత్రలను డాక్టర్లు ఇప్పటికీ కొందరికి రాస్తున్నారు.

లేని జబ్బు నుంచి కూడా కాపాడారు!

ఆ రోజుల్లో నాడిలో కాస్త తేడా కనిపిస్తే చాలు, గుండె జబ్బు అని ముద్ర వేసి మంచానికే పరిమితం చేసేవారు. ఆటలు బంద్, పని బంద్. మెకంజీ ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సు తీసి చూపించారు. పిల్లల్లో ఊపిరి తీసుకునేటప్పుడు నాడి కాస్త మారడం మామూలే. మధ్యలో ఓ దెబ్బ ముందే పడటం కూడా చాలామందిలో ప్రమాదం కాదు. అలాంటి వాళ్లు ఇరవై ఏళ్ల తర్వాతా చక్కగా పనిచేసుకుంటున్నారని నిరూపించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గుండె జబ్బు పేరుతో పక్కన పెట్టిన సైనికుల విషయంలోనూ, వారిలో చాలామంది గుండెలు బాగానే ఉన్నాయని వాదించారు. ఏది భయపడాల్సిందో చెప్పడం ఎంత ముఖ్యమో, ఏది భయపడక్కర్లేదో చెప్పడమూ అంతే ముఖ్యమని ఆయన పని చాటింది.

1913లో లండన్ హాస్పిటల్‌లో గుండె విభాగం ఆయన చేతికి వచ్చింది. 1915లో రాయల్ సొసైటీ సభ్యత్వం, సర్ బిరుదు వచ్చాయి. అయినా 1918లో అన్నీ వదిలి స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణానికి వెళ్లిపోయారు. జబ్బు మొదలయ్యేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో. దాన్ని మొదట చూసేది ఊరి డాక్టరే. కాబట్టి ఊరి డాక్టర్లే పరిశోధన చేయాలన్నది ఆయన పట్టు. అందుకోసమే అక్కడ ఓ సంస్థ పెట్టారు.

చివరికి తన గుండే ఓ కేసు

గుండెలను చదివిన మనిషికి గుండె నొప్పే వచ్చింది. ఏళ్ల తరబడి ఆంజైనాతో బాధపడ్డారు. తన నొప్పి ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అన్నీ రాసుకున్నారు. 1923లో ఆంజైనా మీద వేసిన పుస్తకంలో, పేరు చెప్పకుండా తన కేసునూ చేర్చారు. చనిపోయాక తన గుండెను కోసి పరీక్షించాలని కోరారు. 1925 జనవరి 26న, 71 ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశారు. ఆయన కోరినట్టే, దగ్గర పనిచేసిన డాక్టర్ జాన్ పార్కిన్‌సన్ ఆ పరీక్ష చేశారు.

మెకంజీకి తెలియని ముప్పు.. పక్షవాతం

లయ తప్పితే గుండె అలసిపోతుందని మెకంజీ కాలంలో తెలుసు. అసలు ముప్పు ఎంత పెద్దదో తర్వాత తెలిసింది. పై గదులు నొక్కుకోకపోతే రక్తం అక్కడే నిలిచిపోతుంది. ముఖ్యంగా ఎడమ పై గదికి ఉన్న చిన్న సంచి లాంటి భాగంలో గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం. 1978లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం లెక్క కట్టింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు. రుమాటిక్ వాల్వ్ జబ్బు కూడా తోడైతే సుమారు 17 రెట్లు!

మన దేశంలో ఈ రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. చిన్నప్పుడు గొంతు నొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపు, జ్వరం. అది తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు. కానీ లోపల వాల్వ్ మెల్లగా పాడవుతుంది. పాతిక, ముప్పై ఏళ్లకు ఆయాసం. చాలాసార్లు అది బయటపడేది కాన్పు సమయంలోనే.

ఇప్పుడు చికిత్స ఏంటి?

మొదటిది, రక్తం గడ్డకట్టకుండా మందు. వార్ఫరిన్ 1954 నుంచి మనుషులకు వాడుతున్నారు. సరిగ్గా వాడితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో పక్షవాతాన్ని మూడింట రెండు వంతుల దాకా తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. 2010 నుంచి కొత్త రకం మందులూ వచ్చాయి. వాటికి తరచూ రక్తపరీక్ష అక్కర్లేదు. అయితే రుమాటిక్ జబ్బుతో మైట్రల్ వాల్వ్ సన్నబడినవాళ్లకు పాత వార్ఫరిన్ రకమే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం చెప్పింది. కాబట్టి పక్కింటివాళ్లు వాడే మాత్ర మనకూ సరిపోతుందనుకోవద్దు.

రెండోది, గుండె వేగాన్ని తగ్గించే మందులు. మూడోది, లయను మళ్లీ గాడిలో పెట్టడం. దీనికి మందులున్నాయి, కరెంటు షాక్ చికిత్స ఉంది. పై గదుల్లో తప్పుడు కరెంటు పుట్టే చోట్లను సన్నని తీగతో మాడ్చే అబ్లేషన్ కూడా ఉంది. ఆ తప్పుడు కరెంటు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల దగ్గర పుడుతుందని 1998లో ఫ్రాన్స్ డాక్టర్ హైసాగెర్ బృందం చూపించింది. నాలుగోది, మూల కారణానికి వైద్యం. బీపీ, థైరాయిడ్, మద్యం అలవాటు, వాల్వ్ జబ్బు.. ఏదుంటే దాన్ని చక్కదిద్దాలి. సన్నబడిన వాల్వ్‌ను కొందరిలో బెలూన్‌తో తెరవొచ్చు.

మనం ఏం చేయాలి?

* బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు నాడి చూడండి. వరస లేకుండా కొడుతుంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. 65 ఏళ్లు దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు అప్పుడప్పుడూ ఇలా చూసుకోవడం మంచిది.
* వార్ఫరిన్ వాడుతుంటే డాక్టర్ చెప్పిన రోజున ఐఎన్ఆర్ పరీక్ష తప్పనిసరి. బాగానే ఉందని మందు సొంతంగా ఆపొద్దు.
* ఆకుకూరలు మానక్కర్లేదు. కానీ ఓ వారం అసలు తినకుండా, మరో వారం రోజూ తింటే మందు పని అటూ ఇటూ అవుతుంది. రోజూ ఒకేలా తినండి.
* ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. రక్తం పలచబడే మందుతో కలిస్తే లోపల రక్తస్రావం కావొచ్చు.
* పిల్లలకు గొంతు నొప్పి తర్వాత కీళ్లు వాస్తే నిర్లక్ష్యం చేయొద్దు. రుమాటిక్ జ్వరం అని తేలితే డాక్టర్ చెప్పినన్నేళ్లు పెన్సిలిన్ ఇంజెక్షన్లు మధ్యలో ఆపకూడదు.
* వాల్వ్ జబ్బు ఉన్న ఆడపిల్లకు పెళ్లి, గర్భం విషయంలో ముందే గుండె డాక్టర్ సలహా తీసుకోండి. వార్ఫరిన్ వాడుతూ గర్భం వస్తే వెంటనే చెప్పాలి.
* మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. పసరు మందు కోసం తిరిగితే ఆ సమయం కాస్తా అయిపోతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా మీ డాక్టర్‌ను సంప్రదించండి.)